బొమ్మలు బాగున్నాయి, మరి పని ఎవరిస్తారు?

నేను విజయనగరంలో ఉంటూ పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లు ఫోన్లో చూపించే బొమ్మల్లో ఎక్కువగా సినిమా హీరో ముఖం, వినాయకుడు, ఒక సూర్యాస్తమయం, మళ్లీ ఇంకో హీరో ఉంటారు. చెయ్యి తిరిగిందని తెలుస్తూనే ఉంటుంది. పుస్తకం అచ్చు వేయించే ప్రచురణకర్తలు మాత్రం నాలుగో పేజీలో ఉన్న పాప పదకొండో పేజీలోనూ అదే పాపలా ఉందా, మాటలు తీసేసినా కథ తెలుస్తోందా అని చూస్తారు.

అందుకని విడి బొమ్మలు తగ్గించి ఒక కథ పట్టుకోండి. మన దగ్గర కథలకి కరువేముంది? మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమాను అనే పొడవాటి మానుని ఊరేగించే సిరిమానోత్సవమే తీసుకోండి. నాన్న భుజాలెక్కి చూస్తున్న ఆరేళ్ల పిల్ల. మొదటి బొమ్మలో ఆ పిల్లకి జనం తలకాయలే కనిపించాలి. రెండోదాంట్లో ఊరేగింపులో భాగమైన పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వరసగా వస్తుంటాయి. మూడోదాంట్లో సిరిమాను చివర కూర్చున్న పూజారి. ఇక్కడ కాగితం నిలువుగా తిప్పి, పిల్లని కింద మూలన చిన్నగా వేయండి, ఎత్తు అప్పుడే తెలుస్తుంది. నాలుగోదాంట్లో పిల్ల చెప్పు జారి పడితే నాన్న వంగి వెతుకుతాడు. ఐదోదాంట్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర నాన్న భుజం మీదే నిద్ర. ఐదింటిలోనూ అదే జడ, అదే రిబ్బను, అదే గౌను. మొదలుపెట్టే ముందే ఆ పిల్లని ఎదురుగా, పక్కగా, వెనకనుంచి, నవ్వుతూ, ఏడుస్తూ ఒకే కాగితం మీద వేసుకుని గోడకి అంటించండి.

ఇలాంటి కథలు రెండు, రెండు ముఖచిత్రాలు, పత్రిక కథకి వేసినట్టు ఒక నలుపు-తెలుపు బొమ్మ. మొదటి పోర్ట్‌ఫోలియోకి, అంటే పని అడిగేటప్పుడు చూపించే బొమ్మల కట్టకి, ఇవి చాలు. అనుమానంగా ఉన్న బొమ్మ తీసేయండి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు చందమామకి వేసిన ముఖచిత్రాలు దొరికితే ముందేసుకుని కూర్చోండి. మడతలు, నగలు, నిలబడే తీరుతోనే మనిషి ఎవరో చెప్పేస్తారాయన.

అచ్చు కోసం వేసేది అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, అంచులు కోసేటప్పుడు పోవడానికి చుట్టూ 3 మిల్లీమీటర్లు బొమ్మ అదనంగా వేయాలి. రెండు పేజీల బొమ్మలో ముఖాలు మధ్య మడతలోకి పోకుండా చూసుకోండి. కాగితం మీద వేసేవాళ్లు ఫ్లాష్ ఆపి కిటికీ వెలుతురులో ఫోటో తీయండి, స్కాన్ అయితే ఇంకా మంచిది. అన్నీ ఒక్క పీడీఎఫ్‌గా చేసి, ఫోన్లో తెరిచి చూసుకున్నాకే పంపండి.

ఎవరికి పంపాలి? మంచి పుస్తకం, తూలిక లాంటి పిల్లల ప్రచురణకర్తల పుస్తకాలు ముందు చదవండి. చదివితేనే మీ గీత వాళ్లకి నప్పుతుందో లేదో తెలుస్తుంది. మెయిల్లో నాలుగు వాక్యాలు, మూడు బొమ్మలు, పీడీఎఫ్ లింకు చాలు. జవాబు రాకపోతే కొన్నాళ్లాగి కొత్త బొమ్మతో మళ్లీ రాయండి. వేయడానికి కథ లేకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్లో ఉచిత లైసెన్సు కథలున్నాయి. రచయిత పేరు వేసి బొమ్మలు మీవి వేసుకోవచ్చు.

ఊళ్లో పని చిన్నచూపు చూడకండి. పలాస జీడిపప్పు ప్యాకెట్టు, పొందూరు ఖాదీకి కట్టే చీటీ, పెళ్లి శుభలేఖ, అన్నీ బొమ్మ అడిగేవే. "పని ఉందా అండీ" అని ఉత్త చేతులతో వెళ్లొద్దు. వాళ్ల ప్యాకెట్టుకే ఒక నమూనా వేసి పట్టుకెళ్లండి. బేరం తేలిగ్గా మొదలవుతుంది.

ఒప్పుకునే ముందు సగం అడ్వాన్సు, రఫ్ (మొదటి చిత్తు బొమ్మ) మీద రెండు కరెక్షన్లు, ఆ పైన విడిగా డబ్బు అని రాసి పంపండి. హక్కుల సంగతి అంతకన్నా ముఖ్యం. డబ్బిచ్చి వేయించుకున్న చిత్రం మీద, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కు వేయించుకున్నవారికి పోయే వీలుంది. కాబట్టి కాపీరైట్ మీదేననీ, వాళ్లకి ఇస్తున్నది ఏ పుస్తకానికి, ఏ భాషలో, ఎన్నేళ్లకనీ కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయండి. అసలు బొమ్మ ఎవరి దగ్గర ఉండాలో కూడా అందులోనే రాయండి.