వేవ్‌గైడ్‌లో కాంతి నడకను లెక్కకట్టే తీరు: గట్టు దగ్గర జాగ్రత్త

కాంతి దాదాపు ఒకే దిశలో సాగుతూ వెనక్కి తిరిగి రాని వేవ్‌గైడ్‌కు (కాంతిని తనలో పట్టి నడిపించే సన్నని దారికి) విద్యుదయస్కాంత తరంగాలను వర్ణించే మ్యాక్స్‌వెల్ సమీకరణాలను పూర్తిగా సాధించనవసరం లేదు. బీమ్ ప్రాపగేషన్ పద్ధతి సరిపోతుంది. ఇందులో క్షేత్రం నుంచి వేగంగా డోలనం చేసే భాగాన్ని ముందే తీసివేసి, నెమ్మదిగా మారే ఎన్వలప్‌ను (అల ఎత్తు మార్పును చూపే పై ఆకారాన్ని) మాత్రమే అడుగడుగునా ముందుకు జరుపుతాం. 1978లో ఫైట్, ఫ్లెక్ అనే శాస్త్రవేత్తలు దీనిని ఫోరియర్ పరివర్తనతో చేసి చూపారు. సొంతంగా ప్రోగ్రాం రాసుకునేవారికి మాత్రం ఇప్పటి అడుగు, తర్వాతి అడుగు రెండింటి సగటుతో లెక్కించే క్రాంక్-నికల్సన్ విధానమే మేలని నా అభిప్రాయం.

ఉదాహరణకు, 6 మైక్రాన్ల వెడల్పు, 1.455 వక్రీభవన గుణకం ఉన్న కోర్‌ను (కాంతి నడిచే మధ్య భాగాన్ని), రెండు వైపులా 1.45 గుణకం ఉన్న క్లాడింగ్‌ను (దాన్ని కప్పే పొరను) తీసుకోండి. 1.55 మైక్రాన్ల తరంగదైర్ఘ్యానికి ఇది ఒకే మోడ్‌ను, అంటే ఆకారం మారకుండా సాగే ఒకే క్షేత్ర రూపాన్ని నడిపిస్తుంది. ముందే తీసివేసే డోలనాన్ని నిర్ణయించే రిఫరెన్స్ గుణకంగా 1.453 తీసుకుని, 60 మైక్రాన్ల అడ్డకోతను 0.1 మైక్రాన్ల గళ్ళుగా విభజించి, పొడవునా 1 మైక్రాన్ అడుగుతో సాగండి. ప్రతి అడుగులో మూడు వికర్ణాల మాత్రిక ఒకటి వస్తుంది. అలాంటి మాత్రికల కోసమే ఉన్న థామస్ పద్ధతితో దాన్ని సాధించడం ల్యాప్‌టాప్‌కు క్షణాల పని. అడుగు ఎంత పెద్దదైనా లెక్క పేలిపోదు (అంకెలు హద్దు లేకుండా పెరిగిపోవు) గానీ, పేలనంత మాత్రాన జవాబు సరైనదని అనుకోకూడదు.

అసలు చిక్కంతా లెక్కించే అడ్డకోత అంచుల దగ్గరే. అంచున క్షేత్రాన్ని సున్నాగా పెడితే అది అద్దంలా పనిచేస్తుంది. మా కోనసీమ కాలువలో పడవ వెళ్ళినప్పుడు రాతి గోడ కట్టిన రేవుకు కొట్టుకున్న అల తిరిగి వస్తుంది. గుర్రపుడెక్క అల్లుకున్న మట్టి గట్టు దగ్గర అదే అల మెల్లగా సద్దుమణుగుతుంది. మనకు కావలసింది ఆ రెండో గట్టు. నేను మొదటిసారి ఈ సంగతి గమనించక, తిరిగొచ్చిన అలల గీతలను కొత్త మోడ్ అనుకుని రెండు రోజులు దాని వెంట పడ్డాను.

అందువల్ల ఇరువైపులా చివరి 10 మైక్రాన్లలో గుణకానికి కాంతిని శోషించే కల్పిత భాగాన్ని (ఇమాజినరీ సంఖ్యను) చేర్చి, అది లోపలి అంచు దగ్గర సున్నాతో మొదలై, దూరపు వర్గాన్ని అనుసరించి 0.01 వరకు పెరిగేలా చూడండి. ఒక్కసారిగా మొదలైతే ఆ మెట్టు కూడా కాంతిని వెనక్కి తిప్పుతుంది. గుర్తు తారుమారైతే కాంతి తగ్గే బదులు పెరుగుతుంది కాబట్టి ముందుగా దాన్ని సరిచూసుకోండి. ఇంతకంటే శుభ్రమైన గట్టు కావాలంటే 1994లో బెరెంజర్ ప్రతిపాదించిన పీఎంఎల్ (పర్ఫెక్ట్‌లీ మ్యాచ్డ్ లేయర్, అంటే కాంతిని తిప్పకుండా పీల్చుకునే పొర) ఉంది.

ఇక పరీక్షలు. శోషణ తీసివేసి నడిపితే మొత్తం శక్తి మారకూడదు. శోషణ పెట్టి గాసియన్ పుంజాన్ని (మధ్యలో ఎక్కువగా, అంచులకు మెల్లగా తగ్గే కాంతిని) వదిలితే, మోడ్‌లో ఇమడని భాగం మొదట బయటికి జారిపోయి, కోర్‌లోని శక్తి తరువాత నిలకడగా ఉండాలి. గళ్ళను, అడుగును సగానికి తగ్గించినా జవాబు కదలకపోతేనే దాన్ని నమ్మండి.

గ్రేటింగ్‌లకు (గుణకం పదేపదే మారే నిర్మాణాలకు), పదునైన వంపులకు, సిలికాన్ లాంటి, కోర్-క్లాడింగ్ గుణకాల మధ్య అధిక వ్యత్యాసం ఉన్న వేవ్‌గైడ్‌లకు ఇది చాలదు. అక్కడ యీ 1966లో ఇచ్చిన ఎఫ్‌డీటీడీ పద్ధతి (స్థలాన్ని, కాలాన్ని గళ్ళుగా విభజించి మ్యాక్స్‌వెల్ సమీకరణాలను నేరుగా సాధించేది) వాడాలి. దానికి పదార్థంలోని తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు గళ్ళు పెట్టుకుని, అందుకు తగిన మెమరీ ఉందో లేదో ముందే లెక్క చూసుకోండి.