కేకు క్రీమ్ మూతకి అంటుకుందా? తప్పు మీ స్టాండుదేమో చూడండి

ఒడిశాలోని రాయగడలో ఇంటి దగ్గరే కేకులు చేసి ఇస్తుంటాను. పక్కింటి ఒడియావాళ్లు విరిగిన పాలతో చేసే ఛెనాపోడ అనే తీపికి ఏ బాధా లేదు, ఆకుల్లో చుట్టి కాల్చిన దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కినా చెక్కుచెదరదు. మన క్రీమ్ కేకు అలాంటిది కాదు, ఇల్లు దాటిన దగ్గర్నుంచి దానికి అన్నీ గండాలే. నేను మొదట కొన్నది గాజు మూత, పొడుగు కాలు ఉన్న స్టాండు. ఫొటో చూసి మోజుపడి కొన్నాను. దాన్ని అలాగే కారులో పెట్టుకుని, లక్ష్మీపూర్ మీదుగా ఆ మలుపులన్నీ తిరిగి, కొరాపుట్‌లో మా ఆడపడుచు ఇంటికి పట్టుకెళ్తే మూత తీసేసరికి గులాబీలన్నీ మూతకే ఉన్నాయి. వాళ్ల అత్తగారు ఒక్కసారి తొంగిచూసి "పువ్వులన్నీ మూతకే పెట్టీసినావేటమ్మా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో నడుస్తోంది.

నాకు ఆ రోజు అర్థమైందేమిటంటే, వడ్డించే స్టాండు వేరు, మోసుకెళ్లే డబ్బా వేరు. ఒక్కటే రెండు పనులూ చెయ్యాలంటే దాని కాలు ఊడదియ్యడానికి రావాలి, మూత అడుగుకి క్లిప్పులతో బిగుసుకోవాలి. ఈ రెండూ లేకపోతే అదెంత అందంగా ఉన్నా ఇంట్లో బల్ల మీదకే. ఇక మీ కేకుకి ఏం జరిగిందో దాన్నిబట్టి కింద చూసుకోండి.

క్రీమంతా మూతకి అంటుకుంది

ఎత్తు చాలలేదు, అంతే. అరకిలో కేకు మామూలుగా 6 అంగుళాల టిన్నులో, కిలోది 7 లేదా 8 అంగుళాల టిన్నులో చేస్తాం. మూడు పొరలు, మధ్యలో క్రీమ్ కలిపి 4 అంగుళాలు లేస్తుంది. పైన పూలు ఇంకో అంగుళం, కేకు కింద వేసే అట్ట మందం కొంచెం. అంటే మూత లోపల ఖాళీ కనీసం 6 అంగుళాలు కావాలి. అమ్మేవాళ్లు రాసే ఎత్తు మాత్రం చాలాసార్లు కాలి కింద నుంచి మూత మీది పిడి దాకా లెక్క. 11 అంగుళాలు అని చూసి మురిసిపోతాం, అందులో కాలు 4, పిడి ఒకటిన్నర తీసేస్తే మిగిలేది ఐదున్నర. నా గులాబీలు పోయింది ఆ అరంగుళంలోనే.

ఇంకో మోసం గుమ్మటం ఆకారంలో ఉన్న మూత. నడిమధ్యలో ఎత్తు బాగానే ఉంటుంది, అంచులకొచ్చేసరికి లోపలికి వంగిపోతుంది, మనం పూలు వేసేదేమో అంచుల్లోనే. అందుకే మోసుకెళ్లే దానికి పక్కలు నిటారుగా దిగే మూత తీసుకోండి. టేపు పెట్టి కొలవడం కంటే సులువైన పని ఒకటుంది: పాత అట్టపెట్టెని మీరు చేసే పెద్ద కేకు వెడల్పుకి, పూలతో కలిపిన ఎత్తుకి కత్తిరించి, స్టాండు మీద నిలబెట్టి మూత వెయ్యండి. ఎక్కడా తగలకుండా మూత కూర్చుంటే మీ కేకూ పడుతుంది.

వెడల్పు దగ్గరా ఇదే గొడవ. 8 అంగుళాల కేకుకి 10 అంగుళాల అట్ట వెయ్యాలి, లేకపోతే ఎత్తేటప్పుడు వేళ్లు క్రీములో దిగబడతాయి. ఆన్‌లైన్‌లో 30 సెంటీమీటర్లు అని ఉంటే అది 12 అంగుళాలకి కొంచెం తక్కువ, అదీ చాలాసార్లు బయటి అంచు కొలత. క్లిప్పులకీ, మూత కూర్చునే గాడికీ పోగా లోపల అట్టకి ఎంత చోటుందో అడిగి తెలుసుకుని కొనండి.

ఇప్పటికే పొట్టిది కొనేసి ఉంటే పారెయ్యక్కర్లేదు. రెండు పొరల కేకులకి దాన్ని వాడండి, పూలూ పేరు రాసిన బొమ్మా వేరే చిన్న డబ్బాలో పట్టుకెళ్లి అక్కడ పెట్టండి.

కేకు ఒక పక్కకి జారిపోయింది

అడుగు నున్నగా ఉంది, అట్టకి పట్టు లేదు. గాజు మీదైనా ప్లాస్టిక్ మీదైనా అట్ట ఐసు మీద బిళ్లలా జారుతుంది. సొరుగుల్లో పరుస్తామే, చిల్లుల చిల్లుల రబ్బరు షీటు, దాన్ని గుండ్రంగా కత్తిరించి అడుగున వేసి పైన అట్ట పెడితే కదలదు. కేకు మళ్లీ అట్ట మీద జారకుండా, మొదటి పొర పెట్టే ముందే అట్ట మీద ఒక చెంచా క్రీమ్ రాయండి. ఎత్తుగా చేసిన కేకైతే నడిమధ్యలో పైనుంచి కిందికి లావుపాటి జ్యూస్ స్ట్రా గుచ్చితే పొరలు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి (కోసే ముందు తియ్యడం మర్చిపోతే పిల్లాడి ముక్కలో వస్తుంది, నాకు వచ్చింది).

కారు సీటు చూడ్డానికి చదునుగా ఉంటుంది గానీ వెనక్కి వాలి ఉంటుంది. ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోటే మేలు. ఆటోలో అయితే ఒళ్లో వద్దు, మన మోకాళ్లు కదిలినప్పుడల్లా కేకూ కదులుతుంది. కింద మందపాటి దుప్పటి మడత వేసి దాని మీద పెట్టి రెండు పాదాల మధ్య పట్టుకోండి. బైకు మీద క్రీమ్ కేకు గురించి నన్ను అడగొద్దు.

లోపల నీళ్లు పట్టింది, క్రీమ్ కారిపోయింది

దీనికి రెండు కారణాలున్నాయి, మందు వేరువేరు. ముందు నీళ్లు ఎక్కడున్నాయో చూడండి.

మూత లోపలి వైపు చుక్కలు కట్టి ఉంటే కేకు ఇంకా వెచ్చగా ఉండగానే మూత పెట్టేశారన్నమాట. స్పాంజ్‌లోంచి వచ్చిన ఆవిరి చల్లటి మూతకి తగిలి నీరై మళ్లీ కేకు మీదే పడుతుంది. పైకి చల్లారినట్టున్నా లోపల వేడి ఉంటుంది, అడుగున చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే క్రీమూ మూతా.

అలా కాకుండా కేకు మీదే చెమట పట్టినట్టుంటే అది ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే మూత తెరవడం వల్ల. బయటి తేమగాలి చల్లటి క్రీముకి తగిలి నీరవుతుంది. వానాకాలంలో రాయగడైనా, గుణుపురమైనా, పర్లాకిమిడి అయినా గాలిలో తేమకి కొదవ లేదు, కాబట్టి ఈ ముచ్చట మనకి రోజూ ఉండేదే. చెయ్యాల్సిందల్లా ఓపిక పట్టడమే: చేరాక డబ్బాని మూత తియ్యకుండా ఇరవై ముప్ఫై నిమిషాలు నీడలో వదిలేయండి. చెమటేదో డబ్బా బయట పడుతుంది, గుడ్డతో తుడిచేస్తే సరి. పిల్లలు చుట్టూ చేరి తియ్యమని గోల చేస్తారు, తియ్యకండి. అలాగని గంటలు గంటలు బయట ఉంచకండి. పాల క్రీమ్ కేకు బయట రెండు గంటలు దాటకూడదు, ఎండాకాలంలో అయితే గంటే.

నీళ్లేమీ లేవు, క్రీమే జావలా అయిందంటే అది ఉత్త వేడి. వెన్న 30 డిగ్రీలకి ముందే మెత్తబడి 35 దగ్గరికొచ్చేసరికి కరిగిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం పార్వతీపురం వైపు వెళ్లే కారులో ఏసీ లేకపోతే ఏ డబ్బా ఏం చేస్తుంది? డబ్బాని డబ్బాతో సహా పెద్ద థర్మకోల్ పెట్టెలో దింపి, పక్కల్లో ఐసు ప్యాకులు పెట్టండి. పెట్టె కొత్తది కొనుక్కోండి. చేపల మార్కెట్లో చవగ్గా దొరుకుతుందని మా ఆయన ఒకటి తెచ్చారు, ఎన్ని నిమ్మకాయలు రుద్దినా ఆ కంపు పోలేదు.

పైకెత్తితే మూతొక్కటే చేతికొచ్చింది

మూత మీది పిడి మూత ఎత్తడానికే, మొత్తం స్టాండు ఎత్తడానికి కాదు. ఇంటికొచ్చిన చుట్టాలకి ఇది తెలియదు, అందుకని వడ్డించే స్టాండుని ఎప్పుడూ అడుగున రెండు చేతులూ వేసి ఎత్తమని చెప్పండి. క్లిప్పుల డబ్బా కొంటే మొదటిరోజే కేకు పెట్టకండి, రెండు కిలోల బియ్యం ప్యాకెట్టు పెట్టి క్లిప్పులు వేసి వంటింట్లో నాలుగడుగులు నడవండి. ఏ పక్క క్లిప్పు వదులైనా అక్కడే తెలిసిపోతుంది. పిడి గిరగిరా తిరుగుతుంటే లోపల నట్టు వదులైంది, చిన్న రబ్బరు వాషర్ వేసి చేత్తోనే బిగించండి, గాజు మూతకి మరీ బిగిస్తే చీలుతుంది.

ఫ్రిజ్‌లో పట్టలేదు

కాలు, మూత, పిడి కలిస్తే 11, 12 అంగుళాలు. కొనేముందే ఫ్రిజ్‌లో ఒక అరకీ ఇంకో అరకీ మధ్య టేపు పెట్టి చూడండి. కాలు మరతో తిరిగి ఊడొచ్చే రకమైతే బాధ తీరినట్టే. పట్టడం లేదని మూత తీసేసి పెడితే మాత్రం రాత్రికి రాత్రే కోసిన ముక్కలు ఎండి బిరుసెక్కుతాయి, పైగా పులుసు వాసన పట్టుకుంటుంది.

మూత మసకబారింది, సన్నటి పగుళ్లొచ్చాయి

అది యాక్రిలిక్ అయి ఉంటుంది. శానిటైజర్‌తోనో స్పిరిట్‌తోనో తుడిచారేమో గుర్తు చేసుకోండి, ఆల్కహాల్ తగిలితే యాక్రిలిక్‌కి వెంట్రుకల్లాంటి పగుళ్లొస్తాయి. పీచుతో తోమితే గీతలు. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. వచ్చిన పగుళ్లు మళ్లీ పోవు. దెబ్బలు తినే మూత కావాలంటే పాలీకార్బొనేట్ అని అడిగి తీసుకోండి, గాజుని మాత్రం ఇల్లు దాటించకండి.

చీమలు దూరుతున్నాయి

మూత అంచుకీ పళ్లేనికీ మధ్య సందుంది. పళ్లెం మీద మూత కూర్చోడానికి గాడి ఉన్న రకం కొంతవరకు నయం. లేకపోతే అమ్మమ్మలు బెల్లం కుండకి చేసిన పనే, స్టాండు కాలిని నీళ్ల పళ్లెంలో పెట్టడం. చెక్క కాలైతే నానిపోతుంది, దానికి నీళ్ల పళ్లెంలో ముందు ఓ స్టీలు గిన్నె బోర్లించి, దాని మీద స్టాండు ఉంచండి.