షెల్ స్క్రిప్టింగ్ నేర్చుకుందాం – 7: చుక్క, హైఫన్, స్లాష్

కిందటి భాగంలో గ్రెప్‌తో (grep, ఫైళ్లలో మాటలు వెతికే ఆదేశం) మామూలు మాటలు వెతికాం. అక్షరాలు, అంకెలే అయితే పేచీ లేదు. హైదరాబాద్ ఇంటి నంబర్ల జోలికి వెళ్తే మాత్రం చిక్కే. హిమాయత్‌నగర్ వైపు 3-6-147 లాంటివి, జూబ్లీహిల్స్ వైపు 8-2-293/82 లాంటివి.

ఒక కొరియర్ ఆఫీసు జాబితా ఉందనుకోండి. ఫైలు పేరు ‘చిరునామాలు’. టైపు చేసినవాళ్లలో కొందరు హైఫన్ బదులు చుక్క కొట్టారు: 3.6.147. వాటిని పట్టుకోవాలి. (ఆదేశం పేరును ఎప్పటిలాగే ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి.)

గ్రెప్ '3.6.147' చిరునామాలు

చుక్కలున్నవాటితో పాటు హైఫన్లున్నవీ వచ్చేస్తాయి. ఫోన్ నంబరు మధ్యలో 3867147 ఉన్నా ఆ వరుసనూ లాక్కొస్తుంది. ప్యాటర్న్‌లో, అంటే వెతకమని మనమిచ్చే నమూనాలో, చుక్క అంటే ‘ఏదో ఒక అక్షరం’ అని కదా. అచ్చంగా చుక్కే కావాలంటే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి:

గ్రెప్ '3\.6\.147' చిరునామాలు

కోట్స్ మానేసి ఉత్త 3\.6\.147 అని రాస్తే, గ్రెప్‌కు అందకముందే షెల్ (మన ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రామ్) ఆ బ్యాక్‌స్లాష్‌లను తీసేస్తుంది. గ్రెప్‌కు చేరేది మళ్లీ 3.6.147. ఎర్రర్ ఏమీ రాదు, తప్పు ఫలితాలు మాత్రం వస్తాయి. అందుకే ప్యాటర్న్ ఎంత చిన్నదైనా సింగిల్ కోట్స్ పెట్టే అలవాటు చేసుకోండి.

చుక్క, హైఫన్, స్లాష్ మూడింటిలో ఏదున్నా పట్టాలంటే చదరపు బ్రాకెట్లు వాడాలి. వాటి లోపల చుక్క ఉత్త చుక్కే, బ్యాక్‌స్లాష్ అక్కర్లేదు. జాగ్రత్తంతా హైఫన్‌తోనే. [.-/] అని రాస్తే ‘చుక్క నుంచి స్లాష్ వరకు’ అని అర్థం. ఆస్కీ వరుసలో (కంప్యూటర్ ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఇచ్చే నంబర్ల పట్టికలో) హైఫన్ 45, చుక్క 46, స్లాష్ 47. అంటే మనకు అన్నిటికన్నా ముఖ్యమైన హైఫనే జారిపోయింది! తిప్పి [/-.] అని రాస్తే 47 నుంచి 46కు వెనక్కి వెళ్లాలి, గ్రెప్ ఒప్పుకోదు. (కొన్ని లొకేల్స్‌లో, అంటే భాషా ప్రాంతాల సెట్టింగుల్లో, ఈ వరుస వేరుగా ఉండొచ్చు.) హైఫన్‌ను చివరికి నెట్టేయండి:

గ్రెప్ '3[./-]6[./-]147' చిరునామాలు

స్లాష్ గ్రెప్‌కు మామూలు అక్షరమే. సెడ్‌లో (sed, మాటలు వెతికి మార్చే ఆదేశం) మాత్రం వెతికేదానికీ మార్చేదానికీ మధ్య హద్దు సాధారణంగా స్లాషే. కాబట్టి ‘293 బై 82’లోని ‘బై’ని హద్దు అనుకుంటుంది. 8-2-293\/82 అని రాసి గట్టెక్కవచ్చు. నన్నడిగితే హద్దునే | గా మార్చుకోవడం మేలు, ఆర్నెల్ల తర్వాత స్క్రిప్ట్ తెరిచినవాళ్లు సులువుగా చదువుకుంటారు.

నంబరు పక్కన ‘(పాత)’ అని ఉంటే? మామూలు గ్రెప్‌లో ఆ గుండ్రటి బ్రాకెట్లకు ప్రత్యేకార్థం లేదు, బ్యాక్‌స్లాష్ తగిలిస్తేనే లోపలిదాన్ని ఒకే ముక్కగా కట్టే గుంపుగా మారతాయి. ఈగ్రెప్ (గ్రెప్‌కే మరో రూపం), పెర్ల్, పైథాన్ భాషలలో సరిగ్గా తలకిందులు.

అభ్యాసం: '-6-147' అని హైఫన్‌తో మొదలయ్యే ప్యాటర్న్ ఇచ్చి చూడండి. గ్రెప్ దాన్ని ఆప్షన్ అనుకుని కోప్పడుతుంది. ప్యాటర్న్‌కు ముందు -- పెట్టి మళ్లీ నడపండి. తర్వాత, 8-2-293/82ను హైఫన్‌తో రాసినా, చుక్కతో రాసినా, స్లాష్‌తో రాసినా పట్టే ఒకే ప్యాటర్న్ మీరే రాయండి. జవాబు 8వ భాగం మొదట్లో.