కోడి డల్‌గా ఉందా? ముందు మేత గోతాం విప్పండి

అనంతపురం, కర్నూలు పల్లెల్లో పెరటి కోడి ముడుచుకుని కూర్చుంటే ముందు దిష్టి తీస్తారు, తర్వాత మందు తెస్తారు. మేత గోతాం విప్పి చూసేది ఆఖరున. నన్నడిగితే అదే మొదట చూడాలి.

సమస్య: మేత తగ్గించింది, గుడ్లు తగ్గాయి, పిల్లలు ఎదగట్లేదు, ఒక్కొక్కటే పోతున్నాయి

కారణం చాలాసార్లు బూజు పట్టిన శెనక్కాయలే. కాయ ఊరే టైంలో వాన మొహం చాటేసినా, పీకిన చెట్లు కళ్లంలో తడిసినా కాయలోకి ఆస్పర్జిల్లస్ బూజు చేరుతుంది. అది వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయింది ఈ విషమున్న వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) తినే. మన ఇళ్లలో మంచి గింజ అమ్మకానికి, ముడతపడి నల్లబడిన గింజ కోళ్లకు పోతుంది. విషం ఎక్కువుండేదీ ఆ గింజలోనే.

ఆ మేత ఈరోజే ఆపండి. కడిగినా, ఎండబెట్టినా, వేయించినా విషం పూర్తిగా పోదు. పారేయడమెందుకని ఆవుకు వేయకండి, పాలలోకి దిగుతుంది. గుంత తీసి పూడ్చండి. కొత్త చెక్క కొనేటప్పుడు ఒక ముక్క విరిచి చూడండి: లోపల పచ్చటి నూగో, ముక్కిన వాసనో ఉంటే వద్దనండి. కొంచెం కొంచెంగా కొని, గోతాన్ని నేలకు తగలకుండా బల్ల మీద పెట్టండి.

సమస్య: తోలుగుడ్డు (పెంకు గట్టిపడని మెత్తటి గుడ్డు)

కాల్షియం చాలట్లేదు. ఒక్కో పెంకుకు దాదాపు 2 గ్రాములు కావాలి. పైగా మన ఎండలకు కోడి నోరు తెరిచి రొప్పుతుంటే మేతా తగ్గుతుంది, పెంకూ పలచబడుతుంది. గుడ్డు పెంకులు కడిగి, ఎండబెట్టి, పలుకుగా నలిపి వేరే చిప్పలో పెట్టండి. మేతలో కలిపితే పిల్లలూ తింటాయి, వాటి కిడ్నీలకు అది మంచిది కాదు. తాంబూలం సున్నం మాత్రం వద్దు, నోరు పొక్కుతుంది. వేసవిలో మేత తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి.

సమస్య: పచ్చసొన వెలిసిపోయింది

ఉత్త జొన్నలు, నూకలతో ఇంతే. మునగాకు, తోటకూర వేయండి. పేడ నీళ్లలో పెంచే అజొల్లా కూడా మంచిదే, పేడ వాసన పోయేదాకా కడిగి, మొత్తం మేతలో పదో వంతు దాటకుండా పెట్టండి. సొన ముదురు ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో మారిందంటే పత్తిగింజల చెక్కను అనుమానించండి. అందులోని గాసిపోల్ అనే పదార్థం చేసే పని అది.

సమస్య: బాగున్న కోడి ఉన్నట్టుండి కూలబడింది, నోట్లో చొంగ

జూన్, జూలై విత్తనాల రోజులైతే మందు పట్టించిన విత్తనం తిని ఉంటుంది. రంగు పూసిన గింజ వాకిట్లో ఒక్కటి కనిపించినా మిగతా కోళ్లను గంప కింద మూసేసి, దీన్ని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఎలాగూ పోయేలా ఉందని కోసుకు తినొద్దు! ఎరువుకు తెచ్చిన ఆముదం చెక్క కూడా కోళ్లకు అందకూడదు, అందులో రిసిన్ విషం ఉంటుంది.

సమస్య: మెడ వంకర, పచ్చగా పారడం

ఇది మేత తప్పు కాకపోవచ్చు. కొక్కెర రోగం (రాణిఖెట్) లక్షణాలివి. పసుపు, వెల్లుల్లి కొద్దిగా పెడితే నష్టం లేదు గానీ ఈ రోగానికి అవి మందు కావు. జబ్బు కోడిని విడిగా ఉంచి డాక్టరుకు చెప్పండి. తర్వాత పొదిగిన పిల్లలకు ఈ రోగం రాకుండా మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, 8 వారాలకు ఆర్2బి టీకా వేయించండి.