పాత కారు బాడీ నంబరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటే

మిర్యాలగూడ మిల్లు షెడ్డులోనో, మహబూబ్‌నగర్‌లో ఏదో ఇంటి వెనకో నిలిచిపోయిన పాత అంబాసిడర్‌ను బాగు చేయించబోతే, ఆర్‌సీ పుస్తకంలో ఒక నంబరు, బానెట్ కింది రేకు మీద మరొకటి కనిపించి పని అక్కడే ఆగిపోతుంది.

బాడీ, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు వేర్వేరు కాబట్టి, ముందుగా మనం పోలుస్తున్నవి ఒకే రకం నంబర్లో కాదో చూసుకోవాలి. కొన్ని తేడాలు ఇక్కడే తీరిపోతాయి. తర్వాత ఇనుము మీద అచ్చు కొట్టిన చోట కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడిచి, ఆరాక పలుచని కాగితం అదిమిపట్టి, మెత్తని పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దితే అంకెలు తేలుతాయి. ఇనుప బ్రష్షు మాత్రం వాడకూడదు. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టి ఫోటో కూడా తీసుకుంటే 3కూ 8కీ, 1కీ 7కూ తేడా స్పష్టమవుతుంది. ఇనుము మీది అచ్చును మొదట, రివెట్లతో బిగించిన రేకును తర్వాత, చేతిరాత ఆర్‌సీని ఆఖరున నమ్మడం మంచిది. పాత ఆర్‌సీని చూసి రాసిన ఇన్సూరెన్సు కాగితాన్ని మాత్రం వేరే సాక్ష్యంగా లెక్కించకూడదు.

అచ్చు చుట్టూ గ్రైండింగ్ గీతలుగాని, కొత్త వెల్డింగుగాని ఉంటే నంబరునే మార్చి ఉండవచ్చు కాబట్టి ఈ పద్ధతి పనికిరాదు. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కోరేవారు, అలాంటప్పుడు తామే తేల్చుకోకుండా ముందే రవాణా శాఖ అధికారికి చూపించాలి.