పాత కారు పవర్ స్టీరింగ్ మూలుగుతుంటే ఏం చేయాలి?

జయపురం, కోరాపుట్ నుంచి సాలూరు వైపు దిగేవాళ్లకు సుంకి ఘాట్ సంగతి తెలిసిందే. ఊళ్లో బాగానే ఉన్న స్టీరింగ్ ఆ మలుపుల్లో మూలగడం మొదలుపెడుతుంది. "పంపు పోయింది" అని ఎవరో అనగానే వేలు పోసి కొత్తది వేయిస్తారు. చూస్తూ ఉండలేక రాస్తున్నాను. పంపు దాకా వెళ్లేముందు ఆయిల్ తగ్గిందా, గాలి పట్టిందా అని చూడండి. ఇది ఇంజన్ బెల్టుతో పంపు తిరిగి, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్ గురించే. కరెంటు మోటారుతో నడిచే స్టీరింగ్‌కు వర్తించదు.

జాకీ, రెండు స్టాండ్లు, గరాటు, పాత గుడ్డ, లీటరు ఆయిల్ ఉంటే చాలు. ముందు టైర్లలో గాలి చూసుకోండి, అది తక్కువైనా స్టీరింగ్ బరువెక్కుతుంది. ఫుల్ కటింగ్ కొట్టినప్పుడు కీచుమంటే బెల్టు వదులైందని, గుయ్యిమంటే ఆయిల్ లేదా గాలి గొడవని అర్థం. బెల్టు వదులైతే బిగించండి, పగుళ్లుంటే మార్చేయండి.

ఏ ఆయిల్ పోయాలో బానెట్ కింద ఉండే స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. చాలా పాత కార్లకు ఎర్రటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) సరిపోతుంది. హోండాకు మాత్రం హోండా స్టీరింగ్ ఫ్లూయిడే పోయాలి. బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క కూడా వద్దు, లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి. లీకు ఆపుతాయని అమ్మే సీసా మందులు నేను వాడను, మీరూ వాడకండి. లీకు ఉంటే అది ఎక్కడుందో వెతికి బాగుచేయాల్సిందే.

ఇక అసలు పని, గాలి తీయడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఆయిల్ పోసిన వెంటనే ఇంజన్ స్టార్ట్ చేస్తారు. లోపల గాలి ఉండగా పంపు తిరిగితే మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గులాబీ రంగు నురగై పైకి పొంగుతుంది. అలా అయితే ఇంజన్ ఆపి, ఆ నురగ దిగేదాకా కారు ముట్టుకోకండి.

సరైన పద్ధతి ఇది. కారును చదును నేల మీద నిలిపి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద ఉంచండి. స్టీరింగ్ లాక్ విడిపోయేంతవరకే తాళం తిప్పండి, ఇంజన్ వద్దు. ఒకరు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు డబ్బా దగ్గర నిలబడాలి. బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగులుతాయి, మట్టం దిగుతుంది. దిగినప్పుడల్లా పోయండి. డబ్బా అడుగు కనబడిందంటే మళ్లీ గాలి మింగినట్టే. ఐదుసార్లు తిప్పి చాలనుకుంటారు. చాలదు, ఇరవైసార్లు తిప్పండి.

బుడగలు ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేసి, రేస్ ఇవ్వకుండా మళ్లీ అటూ ఇటూ తిప్పండి. చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుని ఉండకండి. ఐదు సెకన్లు దాటితే ఒత్తిడికి ఆయిల్ కాగి పంపు నిజంగానే పోతుంది. తర్వాత ఇంజన్ ఆపి డబ్బాలోకి చూడండి. ఆపగానే మట్టం పైకి లేస్తే లోపల ఇంకా గాలి ఉన్నట్టే, మళ్లీ మొదటినుంచి చేయాలి. "ఘాట్ ఎక్కితే గాలి అదే పోతుందిలే" అనేవాళ్ల మాట వినకండి.

మా బావమరిది కారుకు మూడుసార్లు గాలి తీసినా మర్నాటికి మళ్లీ మూలిగేది. కింద చుక్క ఆయిల్ కూడా కారలేదు. రాయగడలో ఒక షాపులో పంపు, రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం) రెండూ మార్చమన్నారట. తీరా చూస్తే డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపు రబ్బరు బిరుసెక్కి, క్లిప్పు దగ్గర వెంట్రుకంత పగులు. ఆ పైపులో పంపు ఆయిల్‌ను పీల్చుకుంటుంది కాబట్టి ఆయిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. జానెడు పైపు, రెండు క్లిప్పులు మార్చాం. మూలుగు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉండగా మట్టం ఇంకోసారి చూడండి. డబ్బా మీది కోల్డ్ గీతల (చల్లటి ఇంజన్‌కు మట్టం గుర్తుల) మధ్య నిలిచి ఉంటేనే ఘాట్ దిగండి.