విధేయతా పాఠాలు – 3: గొఱ్ఱెల అరుపులు

గత పాఠంలో సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు పోవడానికి యొర్దాను నదిలో ఏడుసార్లు మునగడం చూశాం. ఆరుసార్లు మునిగి గట్టెక్కేసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు మీరు రాసుకున్న జవాబు పక్కనే ఉంచుకోండి. ఈసారి పాఠ్యభాగం 1 సమూయేలు 15వ అధ్యాయం, 35 వచనాలు. మొదట ఆగకుండా ఒకసారి చదవండి. తర్వాత పెన్ను పట్టుకుని మరోసారి చదవండి.

నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు 3వ వచనంలోని ఆజ్ఞను ఉన్నదున్నట్టు రాయండి. కుడి వైపు 7 నుంచి 9 వచనాల్లో ఇశ్రాయేలు రాజు సౌలు ఏం చేశాడో రాయండి. అమాలేకీయులను, వాళ్ల పశువులతో సహా ఏదీ మిగల్చకుండా నిర్మూలం చేయమన్న ఈ ఆజ్ఞ చదవడానికే కష్టమైనది, ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. అది ఆ కాలంలో ఆ రాజుకు ఇచ్చిన ఆజ్ఞ. దాన్ని ఈనాడు ఎవరిపైనా ప్రయోగించే హక్కు మనకు లేదు. మనం చూడబోయేది సౌలు జవాబు చెప్పిన తీరు.

రెండు భాగాలూ పోల్చి చూడండి. సౌలు ఊరికే కూర్చోలేదు. రెండు లక్షల పదివేల మందిని కూర్చుకుని యుద్ధానికి వెళ్లాడు, గెలిచాడు. మిగిల్చింది రాజునూ, పశువుల్లో మంచివాటినీ. పశువుల్లో నిర్మూలం చేసింది పనికిరానివాటిని. అంటే ఏది పోతే తనకు నష్టం లేదో అక్కడ మాత్రమే ఆజ్ఞ అమలైంది. పాక్షిక విధేయతను గుర్తుపట్టాలంటే ఎంత శాతం చేశామని లెక్కేయకండి, మిగిలిపోయినది ఏ రకమో చూడండి.

ఈ గొఱ్ఱెల అరుపులేమిటని సమూయేలు ప్రవక్త అడిగితే సౌలు చెప్పిన జవాబు 15వ వచనంలో ఉంది. అక్కడ ఆగి, ఎవరు చేశారో చెప్పే మాటల కింద గీతలు గీయండి. పశువులను తెచ్చింది “జనులు”. మంచివాటిని ఉండనిచ్చిందీ “జనులు”. మిగిలినవాటిని నిర్మూలం చేసింది మాత్రం “మేము”. బలి ఎవరికి? “నీ దేవుడైన యెహోవాకు”. నా దేవుడని కూడా అనలేకపోయాడు. తప్పు జరిగినచోట వాళ్లు, మంచి జరిగినచోట మేము. మన ఒప్పుకోలు ప్రార్థనల్లో కూడా ఇదే వ్యాకరణం దొర్లుతుంటుంది.

ఇక మాట సంగతి. హెబ్రీలో వినడానికీ లోబడడానికీ షామా అనే ఒకే క్రియ ఉంది. ఇది మనకు కొత్తేమీ కాదు, “వాడు మాట వినడు” అంటే చెవుడని ఎవరూ అనుకోరు కదా. అలాగే స్వరానికి కోల్ అనే మాట. 1వ వచనంలో యెహోవా మాటల స్వరం, 14లో గొఱ్ఱెల స్వరం, 24లో జనుల స్వరం, మూడు చోట్లా కోల్ అనే పదమే. “జనులకు జడిసి వారి మాట వినినందున” అని చివరికి సౌలే ఒప్పుకున్నాడు. అతను ఏ స్వరమూ విననివాడు కాడు, ఎవరి స్వరం వినాలో అక్కడ తప్పాడు. అందుకే 22వ వచనంలో “బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము” అని సమూయేలు జవాబిచ్చాడు. ఇది బలులను తీసిపారేసే మాట కాదు. దాచుకున్నదాన్ని కానుకగా చూపించడం కుదరదన్న మాట.

అభ్యాసానికి మత్తయి 5:23-24 తీసుకోండి. అందులో ఐదు క్రియలున్నాయి: విడిచిపెట్టు, వెళ్లు, సమాధానపడు, రా, అర్పించు. వాటిని వరుసగా రాసి, ఒక్క మనిషిని తలచుకుని, ఏ క్రియ దగ్గర ఆగిపోయారో దానికి సున్నా చుట్టండి. చాలామంది మొదటి నాలుగూ వదిలేసి నేరుగా ఐదోదానికి వెళ్తారు. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. “నీమీద నీ సహోదరునికి విరోధము” అని వాక్యంలో ఉంటే, మనకు ఎవరిమీద కోపముందో వాళ్ల జాబితా వేసుకుంటాం. అది వేరే పాఠం. ఇక్కడ వెతకాల్సింది మనవల్ల నొచ్చుకున్నవారిని. సున్నా చుట్టిన క్రియ పక్కన తేదీ వేయండి, వారం లోపలి తేదీ. తేదీ లేని తీర్మానం సాధారణంగా నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది.

రెండు జాగ్రత్తలు. సంఘంలో పెద్దలు చెప్పిన ప్రతి మాటా దేవుని ఆజ్ఞ కాదు. వాక్యంలో లేనిదాన్ని విధేయత పేరుతో అడిగితే అపొస్తలుల కార్యములు 5:29 తెరిచి చూడండి. అలాగే, ఈ అభ్యాసం రక్షణ సంపాదించుకోవడానికి కాదు. యోహాను 14:15లో ఆజ్ఞలు గైకొనడం కంటే ముందు ప్రేమ ఉంది. ఆ వరుస తారుమారైతే భయం మిగులుతుంది, భయంతో చేసిన పనికి సౌలులాగా సాక్షులు కావాలి. 1 సమూయేలు 15:30లో సౌలు పాపం ఒప్పుకున్న నోటితోనే పెద్దల ఎదుట తనను ఘనపరచమని అడిగాడు చూడండి.

తర్వాతి పాఠానికి మత్తయి 21:28-31 చదివి, “పోదును” అన్న కుమారుడు ఎందుకు పోలేదో మీకు తోచిన కారణాలు మూడు రాసి ఉంచండి.